గులాబీని బొమ్మలో దాచుకుందాం

గులాబీ అంటే ఇష్టపడని ఆడవాళ్ళుంటారా? జడలో పెట్టుకుంటాం, దేవుడికి పెడతాం, వాడిపోగానే తీసి పారేస్తాం. అలా వాడిపోయే పువ్వుల్ని రెండువందల ఏళ్ళుగా తాజాగా నిలబెట్టిన చిత్రకారుడొకాయన ఉన్నాడు. పేరు పియర్ జోసెఫ్ రెదూతే.

1759లో ఇప్పటి బెల్జియంలో పుట్టి, పారిస్ చేరాడు. ఫ్రాన్స్ రాణి మేరీ ఆంటోనెట్ దగ్గర, తర్వాత నెపోలియన్ భార్య జోసెఫీన్ దగ్గర పూల బొమ్మలు వేశాడు. రాజ్యాలు మారినా ఆయన కుంచె ఆగలేదు. 1817 నుంచి 1824 దాకా భాగాలుగా వచ్చిన ‘లే రోజ్’ పుస్తకంలో 169 గులాబీలున్నాయి. రాగిరేకు మీద సన్నని చుక్కలు చెక్కి, రంగులద్ది అచ్చువేసి, ఆపైన కుంచెతో మెరుగులు దిద్దేవారు. చుక్కల ముగ్గులు వేసే మనకి ఆ ఓపిక ఎలాంటిదో వేరే చెప్పాలా?

ఇవి గ్రీటింగు కార్డు గులాబీల్లాంటివి కావు. బొమ్మ చూసి అది ఏ రకమో గుర్తుపట్టగలగాలి. అందుకే ముల్లు, మొగ్గ, ఆకు అంచు, ఏదీ వదలకూడదు.

మీరూ వేసి చూడండి. పొద్దున్నే ఒక కొమ్మ కోసి గ్లాసు నీళ్ళలో పెట్టండి. ముందు పువ్వు వేయండి, అదే త్వరగా మారిపోతుంది. ఆకులు తర్వాతైనా ఫరవాలేదు. ఒక్కో ఆకుకి సాధారణంగా 5 గానీ 7 గానీ చిన్నాకులుంటాయి, లెక్క చూసుకోండి. మొగ్గని కప్పే ఆకుపచ్చ రెక్కలు అయిదు. చాలా గులాబీల్లో వాటిలో రెండింటికి రెండు పక్కలా కుచ్చులుంటాయి, రెండింటికి అసలుండవు, అయిదోదానికి ఒకపక్కే ఉంటాయి! రోజూ చూసే పువ్వే అయినా ఇది ఎంతమంది గమనించాం?

రంగు పల్చగా మొదలుపెట్టి, ఆరాక ముదురు వేయండి. తెలుపుకి కాగితాన్నే వదిలేయండి.

రెదూతే 1822 నుంచి పారిస్ మ్యూజియంలో బొమ్మలు నేర్పాడు. ఆయన శిష్యుల్లో ఎంతోమంది ఆడవాళ్ళు. అక్కడి పెద్ద చిత్రకళాశాల ఆడవాళ్ళని చేర్చుకుంది 1897లోగానీ కాదు! తలుపులు మూసి ఉన్న ఆ రోజుల్లోనే వాళ్ళు కుంచె పట్టారు. మనల్ని ఆపేదెవరు? వంటింటి పని ముగిశాక ఓ అరగంట మన కోసం ఉంచుకుందాం. మొదటి బొమ్మ వంకరగా వచ్చినా సరే, కింద తేదీ వేసి దాచండి. పువ్వు రాలిపోయినా, ఆ అరగంట మీ దగ్గరే ఉంటుంది.