గద పోయె… లడ్డూ వచ్చె!

కురుక్షేత్రంలో తొడలు విరగ్గొట్టిన వీరుడు టీవీలో లడ్డూలు తినే తొమ్మిదేళ్ల పిల్లాడయ్యాడు. ఇది మన వీరుడికి జరిగిన అవమానమా, మన కథలకు ఎప్పటినుంచో ఉన్న అలవాటా?

భీముడు అలిగాడు. కాశీ నుంచి శివలింగం తెమ్మంటే వెళ్లాడు. ముహూర్తం మించిపోతోందని ధర్మరాజు ఈలోపు వేపమొద్దునే లింగంగా ప్రతిష్ఠ చేయించేశాడు. అంత దూరం మోసుకొచ్చినవాడికి ఒళ్లు మండదా? తెచ్చిన లింగాన్ని విసిరికొట్టాడు. ‘ముందు నీ లింగానికి మొక్కాకే నా లింగానికి మొక్కుతార్లేరా’ అని అన్న బుజ్జగిస్తేగానీ దారికి రాలేదు. నంద్యాల జిల్లా కొత్తపల్లె మండలంలోని సంగమేశ్వరం స్థలపురాణం ఇది. శ్రీశైలం జలాశయం నిండితే మునిగిపోయే ఆ గుడి, నీళ్లు తగ్గాక వేసవిలో బయటపడుతుంది. అక్కడ భీమలింగానిదే ముందు దర్శనం.

ఆ చుట్టుపక్కలే పాములపాడు. నందికొట్కూరు నుంచి ఆత్మకూరు పోయే దారిలో ఉన్న ఈ మండలం దాటితే నల్లమల మొదలవుతుంది. ఉగాదికి కాలినడకన శ్రీశైలం వెళ్లే కన్నడ భక్తులు అడవిలో నాగలూటి, పెచ్చెరువు దాటి భీముని కొలను దగ్గర సేదతీరుతారు. ద్రౌపదికి దాహమేస్తే భీముడు గదతో కొట్టి నీళ్లు రప్పించిన చోటు అదేనని చెప్పుకుంటారు. ఇలా ఈ సీమకు భీముడు రెండు రకాలుగా తెలుసు. ఒకడు రాయి పగలగొట్టే బలశాలి, ఇంకొకడు పసిపిల్లాడిలా మూతి ముడుచుకునే తమ్ముడు. కానీ ఇప్పుడు పాములపాడు బడి దగ్గర నిలబడి ‘భీముడెవర్రా’ అని అడిగితే చిన్నపిల్లలు చెప్పేది మూడోవాడి గురించి. కాషాయ ధోవతి కట్టుకుని, లడ్డూ నోట్లో పడగానే కండలు పొంగే ఛోటా భీమ్ గురించి.

ఢోలక్‌పూర్ మన హైదరాబాదే

ఆ పిల్లాడు పుట్టింది హైదరాబాద్‌లో. అమెరికాలో కంప్యూటర్ చదువు చదివి, ఆ తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కోలో యానిమేషన్ నేర్చుకున్న రాజీవ్ చిలక 2001లో గ్రీన్ గోల్డ్ యానిమేషన్ పెట్టారు. ఏడేళ్లకు, 2008 ఏప్రిల్‌లో, పోగో చానల్లో ఛోటా భీమ్ మొదలైంది. హస్తినాపురం లేదు, కౌరవులు లేరు. ఢోలక్‌పూర్ అనే ఊరు, ఇంద్రవర్మ అనే రాజు, చుట్కీ, రాజు, జగ్గు కోతి, ఎప్పుడూ దెబ్బతినే కాలియా. భారతం నుంచి తెచ్చుకున్నవి మూడే: పేరు, బలం, ఆకలి.

ఆ మూడింటి మీదే బండి చాలా దూరం వెళ్లింది. 2019 మే నెలలో వచ్చిన ‘కుంగ్‌ఫూ ధమాకా’ సినిమాలో భీమ్ పోటీల కోసం చైనా వెళ్లి మల్లయుద్ధం బదులు కుంగ్‌ఫూ చేశాడు. అంతకు నెల ముందు నెట్‌ఫ్లిక్స్‌లో ‘మైటీ లిటిల్ భీమ్’ వచ్చింది. అందులో భీముడు ఇంకా మాటలు రాని పసివాడు. బలం ఎంతో తనకే తెలియక ఇల్లంతా తలకిందులు చేస్తుంటాడు. మాటలే లేవు కాబట్టి ఏ దేశం పిల్లలకైనా అనువాదం అక్కర్లేకపోయింది.

నవ్వు నన్నయ నాటిదే

పెద్దల ఫిర్యాదు ఒకటుంది: వీరుణ్ని బొమ్మను చేసి ఆడుకుంటున్నారని. అలా అనేవాళ్లు నన్నయ ఆదిపర్వంలో బకాసురుడి ఘట్టం ఒకసారి తిరగేయాలి. రాక్షసుడికి పంపిన బండెడు అన్నాన్ని భీముడే కూర్చుని తింటుంటాడు. బకుడు వెనకనుంచి వచ్చి వీపు మీద గుద్దులు గుద్దుతున్నా తిండి ఆపడు. తిన్నాకే యుద్ధం. ఆ ఘట్టాన్ని ఉన్నదున్నట్టు గీస్తే చాలు, కార్టూనే. విరాటుడి కొలువులో దాక్కోవాల్సి వస్తే భీముడు ఎంచుకున్నది వంటింటినే కదా!

తెలుగు సినిమా ఈ కిటుకు చాలా ముందే పట్టేసింది. తాడిపత్రిలో పుట్టిన కె.వి.రెడ్డి 1957లో ‘మాయాబజార్’ తీస్తూ భీముడి కొడుకుని ముందుపెట్టాడు. ఎస్వీ రంగారావు ఘటోత్కచుడు భయపెట్టే ఆకారంతో వచ్చి, పెళ్లివంటల ముందు చంటిపిల్లాడైపోతాడు. లడ్డూలు వాటంతటవే ఎగిరి నోట్లో పడతాయి. ఆ సినిమాకు సహాయ దర్శకుడిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు, 2008లో ‘ఘటోత్కచ్’ను యానిమేషన్‌గా తీశారు. ఛోటా భీమ్ టీవీకెక్కిందీ ఆ ఏడాదే. మధ్యలో 1995లో ఎస్వీ కృష్ణారెడ్డి కైకాల సత్యనారాయణకు ఆ వేషమే వేయించి ఈ కాలానికి దించారు. తండ్రీకొడుకులిద్దర్నీ నవ్వులోకి దింపింది ఆ ఆకలే.

జపాన్ వాళ్ల దారి వేరు

వీరుణ్ని నవ్వుల్లోకి దించడంలో జపాన్ వాళ్లు ఇంకో పద్ధతి పట్టారు. 1983లో మొదలైన ‘ఫిస్ట్ ఆఫ్ ది నార్త్ స్టార్’ కామిక్స్‌లో కెన్‌షిరో అనే యోధుడున్నాడు. అణుయుద్ధంలో ప్రపంచం బుగ్గయ్యాక, మర్మస్థానాల మీద వేలితో పొడిచి శత్రువుల ఒళ్లు పేల్చేసే మనిషి. నవ్వడం అరుదు. 2013లో దానికి ‘డీడీ’ అనే హాస్యపు అనిమే వచ్చింది. అందులో ఆ యుద్ధమే జరగలేదు. లోకం నిక్షేపంగా ఉంది. దాంతో చేసేందుకు పనిలేక కెన్‌షిరో, అతని అన్నలు పొట్టి బొమ్మలై, ఒక దుకాణంలో చిల్లర ఉద్యోగం కోసం పోటీపడతారు.

ఇక్కడ మనిషి మారలేదు, అదే ముఖం, అదే గాంభీర్యం. అతని కాళ్లకింద లోకాన్ని మార్చేశారు. సరుకులు సర్దాల్సినచోట యుద్ధవిద్య ప్రదర్శిస్తుంటే నవ్వొస్తుంది. అసలు కథ తెలిసినవాడికే ఆ నవ్వు పూర్తిగా అందుతుంది. ఛోటా భీమ్‌కు ఆ షరతు లేదు. భారతం పేరే వినని పిల్లాడికీ లడ్డూ అర్థమవుతుంది. గెలుపూ అదే, లోటూ అదే.

మరి కోపం ఎక్కడ?

లోటు అన్నది ఎందుకంటే, భీముడంటే ఆకలి ఒక్కటే కాదు. నిండు సభలో ద్రౌపదిని పణంగా పెట్టిన అన్నను చూసి, ‘నిప్పు తే సహదేవా, జూదమాడిన ఆ చేతులు కాల్చేస్తాను’ అన్నది అతనే. అర్జునుడు సర్దిచెప్పాల్సొచ్చింది. కీచకుడి వేధింపులు చెప్పుకోవడానికి ద్రౌపది అర్ధరాత్రి వెళ్లింది ధర్మరాజు దగ్గరికి కాదు, వంటశాలలో పడుకున్న భీముడి దగ్గరికే. 1963లో ‘నర్తనశాల’ తీసినప్పుడు ఆ వేషానికి దండమూడి రాజగోపాల్‌ను తెచ్చారు. ఆయన నిజంగానే బరువులెత్తే వస్తాదు. ఆ కోపానికి అంత ఒళ్లు కావాలనిపించి ఉంటుంది.

ఢోలక్‌పూర్‌లో ఈ కోపానికి చోటు లేదు. ఉండకూడదు కూడా. ఐదేళ్ల పిల్లలకు దుశ్శాసన వధ చూపించమని ఎవరూ అడగరు. చిక్కు ఆ తర్వాతే. 2008లో టీవీ ముందు కూర్చున్న పిల్లాడు ఇప్పుడు ఇరవై దాటాడు. జపాన్‌లో ముందు గంభీర కథ వచ్చింది, దాని అభిమానులు ముప్పై ఏళ్లకు హాస్యానికి వచ్చారు. మన పిల్లలు అటునుంచి మొదలుపెట్టారు: ముందు హాస్యం చూసేశారు, గంభీరం ఇంకా అందలేదు. వాళ్లకు తెలిసిన భీముడు ఎవరిమీదా అన్యాయం గురించి మండిపడలేదు, సొంత అన్నను నిలదీయలేదు.

కాబట్టి లడ్డూను తిట్టి లాభం లేదు. అది భీముడి దగ్గర దొరికిందే, ఎవరూ అంటగట్టింది కాదు. వీరుణ్ని నవ్వించాలంటే అతనిలో ఉన్న గుణాన్నే పట్టుకోవాలని నన్నయ నుంచి కె.వి.రెడ్డి దాకా మనవాళ్లు చూపించారు, గ్రీన్ గోల్డ్ ఆ పాఠం సగం నేర్చుకుంది. మిగతా సగం ఆకలీ అలకా ఆగ్రహమూ ఒకే ఒంట్లో ఉన్న పెద్ద భీముణ్ని బొమ్మల్లో గీయడం. అలక కథ సంగమేశ్వరంలో ఉంది, బలం కథ భీముని కొలనులో ఉంది, కోపం కథ భారతంలో ఉంది. గీసేవాళ్లు హైదరాబాద్‌లోనే ఉన్నారు. చూసేవాళ్లూ పెద్దవాళ్లై ఎదురుచూస్తున్నారు.