ప్రొస్టేట్ క్యాన్సర్‌కు కొవ్వే మేత!

రాత్రిళ్లు పదేపదే లేస్తుంటే అశ్రద్ధ వద్దు

అమరావతి: రాత్రి పూట మూడు నాలుగుసార్లు లేవాల్సి వస్తోందా? లేచి వెళ్లినా మూత్రం ధారగా రాక బొట్లు బొట్లుగా పడుతోందా? ‘వయసు మీదపడింది, ఇవన్నీ మామూలేలే’ అని ఊరుకుంటున్నారా? అయితే ఈ నాలుగు మాటలు మీకోసమే.

మా బాబాయి కూడా అలాగే ఊరుకున్నాడు. అమరావతికి దగ్గరలోనే ఆయనకు మూడెకరాల నల్లరేగడి. రెండెకరాలు పత్తి, ఎకరం మిరప. రాత్రిళ్లు లేస్తుంటే ‘నీళ్లు ఎక్కువ తాగానురా’ అనేవాడు. నడుం నొప్పి పట్టుకుంటే ‘మందు ట్యాంకు మోసీ మోసీ’ అనేవాడు. తైలం రుద్దించుకుంటూ, ఊళ్లోనే సూదులు వేయించుకుంటూ ఒక సీజనంతా గడిపేశాడు. మిరప కోతలయ్యేసరికి మంచం దిగలేకపోయాడు. పెద్దాసుపత్రికి తీసుకెళితే ప్రొస్టేట్ క్యాన్సర్ అన్నారు. అప్పటికే వెన్నెముకకు పాకింది. పత్తి చేలో పచ్చపురుగును గుడ్డు దశలోనే కనిపెట్టే మనిషి, తన ఒంట్లో తెగులును కనిపెట్టలేకపోయాడు.

ఏమిటీ గ్రంథి?

ప్రొస్టేట్ మగవారికి మాత్రమే ఉంటుంది. మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ఉసిరికాయంత ఉండే గ్రంథి ఇది. వీర్యంలో కలిసే ద్రవాన్ని తయారుచేస్తుంది. వయసు పైబడేకొద్దీ చాలామందికి ఇది ఉబ్బుతుంది. ఉబ్బిందంటే క్యాన్సరే అని బెంబేలు పడనక్కరలేదు. మామూలు వాపే ఎక్కువమందికి వస్తుంది. చిక్కల్లా ఏమిటంటే, క్యాన్సర్ మొదట్లో ఏ బాధా పెట్టకపోవచ్చు. ఏ వాపు ఏదో పరీక్ష చేస్తేనే తేలుతుంది.

జింకు పోయి కొవ్వు వచ్చే!

వరిలో జింకు లోపిస్తే ఏమవుతుందో రైతులకు చెప్పాల్సిన పనిలేదు. మన ప్రొస్టేట్ కణాలకూ జింకుతో పనుంది. ఒంట్లోని మెత్తని అవయవాల్లో జింకును ఇంతగా నిల్వచేసుకునేవి అరుదు. మిగతా కణాలు సిట్రేట్ అనే పదార్థాన్ని పొయ్యిలో కట్టెలా మండించి శక్తి పొందుతాయి. ప్రొస్టేట్‌లో మాత్రం జింకు ఆ మంటకు అడ్డుపడుతుంది. అందుకే అక్కడ సిట్రేట్ కాలిపోకుండా మిగిలి, వీర్యంలోకి చేరుతుంది. అమెరికా శాస్త్రజ్ఞులు కాస్టెల్లో, ఫ్రాంక్లిన్ ఏళ్ల తరబడి పరిశోధించి ఈ గుట్టు విప్పారు.

క్యాన్సర్ కణం చేసే మొదటి పనుల్లో ఒకటి జింకును వదిలేయడం. అడ్డు తొలగడంతో సిట్రేట్‌ను కొంత మండించుకుంటుంది, కొంతతో కొవ్వు తయారుచేసుకుంటుంది. చాలక రక్తంలోని కొవ్వునూ లాక్కుంటుంది. ఈ కొవ్వుతో దానికి మూడు లాభాలు. కొత్త కణం పుట్టాలంటే పైపొర కావాలి, ఆ పొర కొవ్వుతోనే కడుతుంది. శక్తికి అదే ఇంధనం. మూడోది, మగ హార్మోను తయారయ్యేది కొలెస్టరాల్ నుంచే. ఆ హార్మోనే ఈ క్యాన్సర్‌కు ఎరువు.

చాలా క్యాన్సర్లు చక్కెరను తెగ తింటాయి. అందుకే చక్కెర లాంటి పదార్థాన్ని ఎక్కించి తీసే పెట్ స్కాన్‌లో అవి వెలుగుతాయి. ప్రొస్టేట్ క్యాన్సర్ మొదటి దశల్లో చక్కెరపై అంతగా ఆధారపడదు కాబట్టి ఆ స్కాన్‌కు తరచూ చిక్కదు. దీనికి పీఎస్‌ఎంఏ అనే వేరే రకం స్కాన్ వచ్చింది.

జింకు తగ్గింది కదా అని జింకు మాత్రలు మింగితే ఈ జబ్బు నయం కాదు. పొలానికి తెచ్చిన జింకు సల్ఫేటు జోలికి అసలే వెళ్లకూడదు.

ఎద్దు చెప్పే పాఠం

విత్తులు కొట్టించిన కోడె నెమ్మదించి ఒళ్లు చేయడం మనం చూసిందే. మగ హార్మోను తగ్గితే కండ తగ్గి కొవ్వు పెరుగుతుంది. 1941లో షికాగోలో చార్లెస్ హగిన్స్ అనే వైద్యుడు, మగ హార్మోనును ఆపితే ప్రొస్టేట్ క్యాన్సర్ కుంచించుకుపోతుందని నిరూపించారు. దానికే 1966లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈనాటికీ ముదిరిన క్యాన్సర్‌కు వృషణాలు తీసేయడమో, హార్మోనును ఆపే ఇంజెక్షన్లు ఇవ్వడమో ముఖ్యమైన వైద్యం.

మా బాబాయి ‘ఈ వయసులో ఇదేం ఖర్మరా’ అని రెండు రోజులు గోడవైపు తిరిగి పడుకున్నాడు. పిన్ని నచ్చజెప్పాక ఆపరేషన్‌కు ఒప్పుకున్నాడు. కొన్ని వారాల్లోనే నొప్పి తగ్గి, కర్ర పట్టుకుని చేను గట్టు దాకా వెళ్లాడు. ఇల్లంతా సంతోషించాం. బలం రావాలని నెయ్యి, వేపుళ్లు, తీపి పెట్టాం. ఏడాది తిరిగేసరికి పొట్ట పెరిగింది, షుగర్ వచ్చింది. ఈ వైద్యంతో కొవ్వు చేరుతుందని, షుగర్, గుండెజబ్బు ముప్పు పెరుగుతుందని, ఎముకలు పలచబడతాయని మాకు ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు. మరో నాలుగేళ్లు మా మధ్య ఉన్నాడు. ముందే తెలిసుంటే ఆ నాలుగేళ్లు ఇంకాస్త సుఖంగా గడిచేవి.

మరి నూనె మానేయాలా?

అక్కర్లేదు. ఫలానా నూనె తింటే ఈ క్యాన్సర్ వస్తుందని తేలలేదు. ఊబకాయం ఉన్నవారిలో మాత్రం జబ్బు ముదిరిన రూపంలో వచ్చే ముప్పు ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. కాబట్టి చూసుకోవాల్సింది పొట్ట. పొలం పనులు కొడుక్కి అప్పగించి అరుగు మీద కూర్చున్నవారు తిండి మాత్రం కాడెద్దులు తోలిన రోజుల్లా తింటే ఎలా? మరిగిన నూనెనే మళ్లీ మళ్లీ మరిగించడం మానండి. పప్పు, ఆకుకూర, టమాట, చేప తినండి. రోజూ నడవండి.

మన పత్తి గింజలోని గాసిపాల్ అనే విషపదార్థానికి క్యాన్సర్ కణాన్ని చంపే గుణం ఉందని గమనించి, దాంతో చేసిన మందును ప్రొస్టేట్ రోగులపై పరీక్షించారు. కీమో మందుకు తోడుగా ఇచ్చినా ఆయుష్షు పెరగలేదు. నూనెను శుద్ధి చేసేటప్పుడు గాసిపాల్ పోతుంది. ఎవరు చెప్పినా పచ్చి గింజలు, గానుగ ముడినూనె మందుగా వాడొద్దు. రక్తంలో పొటాషియం పడిపోవచ్చు, మగవారికి సంతానం కలగకుండా పోవచ్చు.

బలం మాత్రలతోనూ జాగ్రత్త. అమెరికా, కెనడాల్లో 35 వేలమందికి పైగా మగవారిపై జరిగిన పరీక్షలో విటమిన్-ఇ మాత్రలు వాడినవారికి ప్రొస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువగా వచ్చినట్లు 2011లో తేలింది.

గుర్తుంచుకోండి

* మూత్రం ఆగి ఆగి రావడం, రక్తం పడటం, తగ్గని నడుం నొప్పి ఉంటే వెంటనే డాక్టరుకు చూపించండి. నడుం నొప్పితో పాటు కాళ్లు తిమ్మిరెక్కినా, పట్టు తప్పినా ఒక్కరోజు కూడా ఆగొద్దు.

* 50 ఏళ్లు దాటితే పీఎస్‌ఏ రక్తపరీక్ష అవసరమా అని డాక్టరును అడగండి. తండ్రికో, అన్నదమ్ములకో ఈ జబ్బు ఉంటే 45 ఏళ్లకే అడగండి. పీఎస్‌ఏ పెరిగినంత మాత్రాన క్యాన్సర్ అనుకోవద్దు.

* గుంటూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజనాసుపత్రులు, మంగళగిరి ఎయిమ్స్ మనకు దగ్గర. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం 2024 నుంచి ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తోంది. ఏ చికిత్స వర్తిస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి.

* హార్మోను వైద్యం మొదలైతే బరువు, షుగర్, కొలెస్టరాల్ చూపించుకుంటూ ఉండండి. డాక్టరు కాదనకపోతే నడక మానొద్దు.

సిగ్గుపడి దాచుకునే జబ్బు కాదిది. ఇంటామెకు చెప్పండి, కొడుక్కి చెప్పండి. ఈ వారం మిరపకాయల యార్డుకు గుంటూరు వెళుతుంటే, పనిలో పనిగా డాక్టరుకూ చూపించుకుని రండి.