డెట్రాయిట్‌కు రైలెక్కినవాళ్ళు

డెట్రాయిట్ చుట్టుపక్కల ఉంటున్న మన తెలుగువాళ్ళలో చాలామందికి అన్నం పెడుతున్నవి కార్ల కంపెనీలే. నేనూ వాటికి సాఫ్ట్‌వేర్ పని చేసిపెట్టేవాణ్ణే. కొత్తగా వచ్చినవాళ్ళకి మనం చెప్పే మొదటి జాగ్రత్త, "ఎయిట్ మైల్ రోడ్డు దాటి అటు వెళ్ళకండి" అని. ఆ రోడ్డుకి అటూ ఇటూ అంత తేడా ఎలా వచ్చిందో ఇవాళ చెప్పుకుందాం.

1910లో డెట్రాయిట్‌లో నల్లజాతివారు 6 వేలమంది కూడా లేరు. 1930 నాటికి దాదాపు 1,20,000 మంది అయ్యారు. 1910 నుంచి 1970 దాకా దక్షిణాది వదిలిపెట్టిన నల్లవారు మొత్తం 60 లక్షలమంది అని అంచనా.

ఎందుకొచ్చారు? 1865లో బానిసత్వం పోయినా భూమి చేతికి రాలేదు. పత్తి చేను కౌలుకి చేసి పంటలో వాటా దొరకి ఇవ్వాలి. విత్తనాలకీ, తిండిగింజలకీ అప్పు. లెక్క రాసేదీ దొరే. ఏడాది చివర మిగిలేది మళ్ళీ అప్పే. వెట్టిచాకిరీ సంగతి తెలిసిన మనకి ఇది వేరే చెప్పక్కర్లేదు. దీనికి తోడు ఓటు లేదు, ఎదురు మాట్లాడితే గుంపులు ఉరితీసేవి. 1914లో యూరప్‌లో యుద్ధం మొదలై అక్కణ్ణించి వలసలు ఆగాయి, ఫ్యాక్టరీలకి మనుషులు కావలసివచ్చారు. అదే ఏడాది ఫోర్డ్ రోజుకి 5 డాలర్ల జీతం ప్రకటించాడు. ఆ కబురు దక్షిణాదికీ చేరింది.

పని దొరికింది, కాకపోతే ఎక్కువమందికి లోహం కరిగించే కొలిమి దగ్గర. ఇల్లు మాత్రం దొరకలేదు. ఇళ్ళ దస్తావేజుల్లోనే "నల్లవారికి అమ్మరాదు" అని షరతు రాసేవారు. 1925లో ఆసియన్ స్వీట్ అనే నల్లజాతి డాక్టరు తెల్లవారి వీధిలో ఇల్లు కొంటే గుంపు రాళ్ళు రువ్వింది. ఇంట్లోంచి తుపాకీ పేలి ఒకడు చనిపోయాడు. క్లారెన్స్ డారో వాదించగా 1926లో డాక్టరు తమ్ముడు నిర్దోషిగా బయటపడ్డాడు.

1941లో ఎయిట్ మైల్ దగ్గర ఒక బిల్డరు అర మైలు పొడవున గోడ కట్టాడు. నల్లవారి పేట పక్కన ఉందని ఫెడరల్ సంస్థ అతని ఇళ్ళ అప్పులకి హామీ ఇవ్వలేదు. గోడ లేచాక ఇచ్చింది! ఆ గోడ ఇప్పటికీ ఉంది. గోడకి అటువైపు వాళ్ళకి మాత్రం హామీ లేదు. తాత కొన్న ఇల్లే మనవడి చదువుకి ఆసరా అవుతుందని మనకి తెలుసు. తాతనే కొనుక్కోనివ్వకపోతే? తర్వాత వాళ్ళ దుకాణాలున్న హేస్టింగ్స్ వీధిని కూల్చి దాని మీదుగా ఫ్రీవే వేశారు. ఇళ్ళ అమ్మకాల్లో వివక్షని నిషేధించే చట్టం 1968లో గానీ రాలేదు.

మనకీ దీనికీ సంబంధం లేదనుకోకండి. వాళ్ళు పోరాడి సాధించిన 1964 పౌరహక్కుల చట్టం వెనకే, అదే ఊపులో, 1965లో వలస చట్టం మారింది. మనకి తలుపు తెరుచుకున్నది అప్పుడే. కాబట్టి కారులో వెనక సీట్లోంచి పిల్లలు "అటు ఎందుకలా ఉంది?" అని అడిగితే, "అక్కడివాళ్ళు అంతే" అనకండి. గోడ సంగతి చెప్పండి. వీలైతే ఒక ఆదివారం తీసుకెళ్ళి చూపించండి. సెలవు.