“మనుజునకెంత భూమి కావలెను?” — కథానిర్మాణ విచారము

కథను చదివి యానందించుట యొకటి. ఆ కథ యెట్లు నిర్మింపబడినదో తెలిసికొనుట మరియొకటి. కథాసారాంశమును వ్రాయుమనిన మా విద్యార్థులు చక్కగా వ్రాయుదురు. నీతి యేమని యడిగిన ఒక్క వాక్యములో చెప్పుదురు. ఆ నీతి కథలో నే సంఘటనమునుండి పుట్టినదని యడిగినప్పుడు మాత్రము పలువురు మిన్నకుందురు. కావున రుష్యాదేశీయుడగు లియో టాల్‌స్టాయి 1886వ సంవత్సరమున ప్రకటించిన యొక కథను గైకొని, సంవిధానము, సంఘర్షణము, ఉత్కంఠ యను మూడింటిని విశదపరుప నెంచితిమి. పై శీర్షికయే ఆ కథ పేరు.

పాహోమను రైతు పల్లెలో సేద్యము చేసికొని బ్రతుకుచుండెను. ఒకనాడు ఇంటి యాడువారి సంభాషణము వినుచు, తనకు చాలినంత భూమియే యున్నచో సాతానుకైనను వెరవనని తలచెను. పొయ్యి వెనుక నున్న సాతాను ఆ తలపు గ్రహించి, భూమి నిచ్చియే వీనిని వశపరచుకొందునని నిశ్చయించెను. పిమ్మట పాహోము కూడబెట్టిన 100 రూబులకు తోడు ఒక గుర్రపుపిల్లను, తేనెటీగలలో సగమును అమ్మి, కొడుకును కూలికి కుదిర్చి ముందుగానే జీతము తీసికొని, అప్పు చేసి, పొరుగున నున్న దొరసాని భూమిలో కొంత కొనెను. ఇతరుల పశువులు తన చేనిలో పడుటచే తగవులు పుట్టెను. ఓల్గా నది కావల భూమి విరివిగా దొరకునని విని యటకు తరలిపోయెను. అదియు చాలక తుదకు బష్కీరులను జాతివారి యొద్దకు పోయెను. వారి వెల వింతయైనది: దినమునకు 1000 రూబులు. ఒక్క పగటిలో కాలినడకను ఎంత నేల చుట్టివచ్చిన నంతయు కొన్నవానిదే. సూర్యాస్తమయములోగా బయలుదేరిన చోటికి చేరనిచో సొమ్ము పోవును, భూమియు దక్కదు.

ఇక సంవిధానమును చూతము. సంఘటనములను వరుసగా చెప్పినంతమాత్రమున సంవిధానము కాదు. ఒకటి మరియొకదానికి కారణము కావలెను. దీనిని పరీక్షించుటకు సులభమైన యుపాయము కలదు. నడుమ నుండి ఒక సంఘటనమును తీసివేసి చూడుడు. తగవులు లేకున్న పాహోము స్వగ్రామమును విడువడు. ఓల్గా యావలికి పోకున్న బష్కీరుల సంగతి చెప్పిన వర్తకుడు వానికి తారసపడడు. ప్రతి మెట్టునను భూమి పెరుగును, తృప్తి తరుగును. ఏ మెట్టును కథకుడు వ్యర్థముగా కట్టలేదు.

సంఘర్షణ మెవరెవరికి? సాతానుకును పాహోమునకును అని కొందరు, బష్కీరులకును వానికిని అని కొందరు చెప్పుదురు. బష్కీరులు వానిని మోసగింపలేదు; నియమమును ముందే తేటగా చెప్పిరి. సాతాను వానిని చేయిపట్టి లాగలేదు. కోరినది దొరకునట్లు చేసెను. నిజమైన పోరాటము పాహోము మనస్సునందే జరిగినది. మరలవలసిన వేళయైనదని యెరుగును. అంతలో అవిసె పైరునకు తగిన తేమగల పల్లపు నేల కంటబడును. దానిని విడుచుటకు మనసొప్పదు.

ఇచ్చట విద్యార్థులు గమనింపవలసిన విషయము కలదు. భూమిని కోరుట దోషము కాదు. 1861లో రుష్యాలో దాస్యము రద్దయిన పిదపను రైతులు పలువురు భూమి చాలక బాధపడిరి. టాల్‌స్టాయియు 1871లో సమారా ప్రాంతమున భూమి కొన్నవాడే. నేలయందలి యాకర్షణము ఆయన యెరుగనిది కాదు. మంచి కోరిక యొకటి తన స్థానమును విడిచి మొదటి స్థానమునకు వచ్చినది. కొడుకును కూలికి పంపినది, ఇరుగుపొరుగు స్నేహమును చెరచినది, తుదకు ప్రాణమునే వెనుకకు నెట్టినది. మొదట రావలసినది కడకు పోవుటయే ఈ కథకు మూలము.

ఉత్కంఠ యనగా ముగింపును దాచుటయే యని పలువురు తలంతురు. ఈ కథలో ముందునాటి రాత్రియే పాహోమునకు కల వచ్చును. కలలో బష్కీరుల పెద్ద నవ్వుచుండును; అతని రూపము క్రమముగా సాతాను రూపమగును; ఎదుట వట్టికాళ్లతో నొక శవము పడియుండును; ఆ శవము తానే. ముగింపు ఇంచుమించుగా తెలిసియు మనము పుస్తకమును మూయలేము. ఏలయన, గుట్టమీద నక్కబొచ్చు టోపీ యున్నది, అందు వాని సొమ్మున్నది, ఆకాశమున సూర్యుడు క్రుంగుచున్నాడు. గడువు కన్నుల కగపడుచున్నది. మరలుటకు ఇంకను వేళ యున్నది. ప్రతి మలుపునను మరలి రమ్మని వానిని పిలువబుద్ధి యగును.

చివరకు పాహోము పరుగెత్తును. కోటును, బూట్లను, నీటిబుడ్డిని, టోపీని పారవైచి, ఊతకై పారను మాత్రము ఉంచుకొనును. కలలోని వట్టికాళ్లు మనకు జ్ఞప్తికి వచ్చును. గుట్ట క్రిందికి వచ్చుసరికి ప్రొద్దు క్రుంకినట్లు తోచును. పైనున్నవారికి సూర్యుడింకను కనబడుచుండునని స్మరించి యెక్కును. చేతులు టోపీని తాకుచుండగా కూలి మరణించును. హద్దులు గుర్తించుటకు తెచ్చిన పారతోనే సేవకుడు గోయి త్రవ్వును. తల మొదలు మడమల వరకు ఆరడుగులు. శీర్షికయందలి ప్రశ్నకు ఉత్తరమదియే.

లూకా సువార్త 12వ అధ్యాయమున ప్రభువు చెప్పిన ధనవంతుని యుపమానమునకు ఈ కథ దగ్గరి చుట్టము. పెద్ద కొట్లు కట్టదలచిన యా ధనవంతునికి తన గడువు తెలియదు. పాహోమునకు గడువు ఆకాశమునందే కనబడుచున్నది. తెలిసియు మరలలేకపోయెను గనుక వీని పతనము మనలను మరింత కలవరపరచును.

కథలు వ్రాయగోరు విద్యార్థులు పులులను, దొంగలను వెదుకనక్కరలేదు. తల్లికి మందు తెచ్చుటకు పంపబడిన బాలుడొకడు త్రోవలో బంతియాట చూచుటకు నిలిచెననుకొనుడు. వైద్యుడు అయిదు గంటలకు తలుపు మూయును. బాలుడు దుష్టుడు కాడు. ఆటయు చెడ్డది కాదు. గడియారము మాత్రము ఆగదు. ఇంతమాత్రమున సంవిధానము, సంఘర్షణము, ఉత్కంఠ మూడును సిద్ధమైనవి. ఇంటివద్ద పిల్లలకు పాహోము కథను చదివి వినిపించు తలిదండ్రులును, పల్లపు నేల కడకు వచ్చినప్పుడు ఒక్క నిమిషము నిలిపి, “నీవైనచో మరలుదువా?” యని యడుగవలెనని మా కోరిక. పిల్లవాడు ఆలోచించి చెప్పు ప్రత్యుత్తరమునందే నీతి యుండును.