తేనెపట్టు చూపే పక్షి, దానిని పిలిచే మనిషి

ఎవరూ పెంచని, ఎవరూ మచ్చిక చేయని ఒక అడవి పక్షి మనిషి నోటి నుంచి వచ్చే శబ్దాన్ని గుర్తుపట్టి, ఆ శబ్దం చేసినవాడు ఏ పని మీద బయలుదేరాడో గ్రహించి, దానికి తగినట్టు నడుచుకోగలదా అన్న ప్రశ్నకు 2023 డిసెంబరులో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన పత్రం గట్టి సమాధానం ఇచ్చింది. మొజాంబిక్ ఉత్తర కొసన ఉన్న నియాసా అభయారణ్యంలోని పక్షులు అక్కడి యావో తెగవారి పిలుపుకు బాగా పలుకుతాయని, టాంజానియాలోని కిడేరో కొండల్లో ఉండే అదే జాతి పక్షులు అక్కడి హద్జా తెగవారి ఈలకు పలుకుతాయని, ఒకచోటి పిలుపును మరొకచోట వినిపిస్తే ఆ స్పందన బాగా తగ్గిపోతుందని క్లెయిర్ స్పాటిస్‌వుడ్, బ్రయన్ వుడ్ ఆ పత్రంలో చూపించారు. మనిషికీ వన్యప్రాణికీ మధ్య ప్రాంతాన్ని బట్టి మారే సంకేతాలు ఉన్నాయని ప్రయోగపూర్వకంగా తేలడం జీవశాస్త్రంలో అరుదైన విషయం కనుక, దాని వెనక ఉన్న యంత్రాంగాన్ని కాస్త తీరికగా పరిశీలించడం అవసరం.

ఆ పక్షి పేరు గ్రేటర్ హనీగైడ్. శాస్త్రీయ నామం ఇండికేటర్ ఇండికేటర్. గోరింక కంటే చిన్నదైన, సుమారు 50 గ్రాముల బరువుండే ఈ బూడిదరంగు పక్షిలో మగదానికి నల్లటి గొంతు, గులాబీరంగు ముక్కు, చెవి దగ్గర తెల్లటి మచ్చ ఉంటాయి. హనీగైడ్ల కుటుంబంలో దాదాపు 17 జాతులు ఉండగా వాటిలో రెండు ఆసియాకు చెందినవి. ఆ రెండింటిలో ఒకటి హిమాలయాల్లో కొండతేనె పట్టుల దగ్గర మైనం తింటూ బతుకుతుంది గాని ఎవరికీ దారి చూపదు. మనిషికి దారి చూపుతుందనడానికి తిరుగులేని ఆధారాలున్నది ఆఫ్రికాలోని ఈ ఒక్క జాతికే.

పేరు చూసి ఇది తేనె కోసం వెంపర్లాడుతుందని అనుకోవడం సహజమే అయినా, దీనికి కావలసినవి మైనమూ, పట్టు అరల్లోని పిల్లపురుగులూ. పొడవైన కొవ్వు గొలుసులతో ఏర్పడిన మైనాన్ని అరిగించుకోగల వెన్నెముక జీవులు చాలా తక్కువ. వాటిలో ఇది ముఖ్యమైనది. అయితే ఆఫ్రికా తేనెటీగలు చెట్టు తొర్రల్లో, రాతి పగుళ్లలో లోతుగా పట్టు పెడతాయి, మీదికొచ్చిన దేనినైనా గుంపుగా కుడతాయి; చర్మం మందంగా ఉన్నప్పటికీ ఎక్కువ కాట్లు పడితే ఈ పక్షి చచ్చిపోతుంది. పట్టు ఎక్కడుందో పక్షికి తెలుసు, తొర్రను తెరిచే శక్తి లేదు. మనిషికి గొడ్డలీ నిప్పూ ఉన్నాయి, పట్టు జాడ తెలియదు. సహకారానికి మూలం ఈ లోటుపాట్ల పొందికలోనే ఉంది.

దారి చూపే తీరు ఇలా ఉంటుంది. పక్షి మనిషికి దగ్గరలోని కొమ్మ మీద వాలి, అగ్గిపెట్టెను చెవి దగ్గర ఆడించినట్టు గలగలమని ఆగకుండా కూస్తుంది; ఆ మనిషి తన వైపు కదలగానే తోక అంచుల్లోని తెల్లటి ఈకలు కనిపించేలా ఎగిరి మరో చెట్టు మీద వాలి, వెనక వచ్చేవాడు చేరేదాకా కూస్తూనే ఉంటుంది. పట్టు దగ్గరపడిన తర్వాత కూత తీరు మారుతుంది, ఎగిరే దూరాలు తగ్గుతాయి, చివరికి పక్షి ఆ చుట్టుపక్కలే ఒక కొమ్మ మీద మౌనంగా కూర్చుంటుంది. అక్కడి నుంచి పని మనిషిది. నియాసాలోని యావో వారు ఎండుకట్టెల చుట్టూ పచ్చి ఆకులు చుట్టి కట్టిన మోపును అంటించి, పొడవాటి కర్ర చివర తొర్ర దాకా ఎత్తి పొగ పెడతారు, లేదంటే చెట్టునే నరికి తొర్రను చీలుస్తారు. తేనె తీసుకున్న తర్వాత మైనపు ముక్కలను ఏరి, పచ్చి ఆకుల మీద పరిచి పక్షికి వాటాగా వదులుతారు.

దీనిని ఐరోపావారు నమోదు చేయడం 17వ శతాబ్దం నాటికే మొదలైంది. సొఫాలాలో మతప్రచారకుడిగా ఉన్న పోర్చుగీసు సన్యాసి జువావ్ దుష్ సాంతుష్ 1609లో అచ్చయిన తన గ్రంథంలో, ఈ పక్షులు చర్చిలోకి వచ్చి కొవ్వొత్తుల మైనాన్ని పొడుచుకు తింటాయని, మనుషులను తేనెపట్టు దగ్గరికి తీసుకుపోతాయని రాశాడు. ఆ రెండు విషయాలూ నేటికీ నిలబడిన నిజాలు. తర్వాత వచ్చిన పండితులు ఆయనంత జాగ్రత్త పాటించలేదు. లినేయస్ శిష్యుడైన స్వీడన్ శాస్త్రవేత్త ఆండర్స్ స్పార్మన్ 1777లో దీనిని లోకానికి పరిచయం చేస్తూ కోకిలల ప్రజాతిలో చేర్చాడు. నిజానికి ఇది వడ్రంగిపిట్టల వర్గానికి చెందినది. ఆయన పొరపాట్లలో ఎక్కువ కాలం బతికింది అది కాదు, మరొకటి; దాని గురించి తర్వాత చెప్పుకోవచ్చు.

20వ శతాబ్దపు పొరపాటు ఇంకాస్త సూక్ష్మమైనది. ఈ కుటుంబం మీద 1955లో పెద్ద గ్రంథం వెలువరించిన అమెరికన్ పక్షిశాస్త్రవేత్త హెర్బర్ట్ ఫ్రీడ్‌మన్, పక్షికి ముందుగా ఏ గమ్యమూ ఉండదని, మనిషిని చూసిన ఉద్రేకంలో అది కూస్తూ ఎగురుతూ పోగా తేనెటీగలు ఎదురైనచోట ఆ ఉద్రేకం చల్లారుతుందని భావించాడు. ఉత్తర కెన్యాలోని బోరాన్ పశుకాపరులు మాత్రం పక్షి ఎగిరే దిశ, ఆగే దూరం, కూర్చునే ఎత్తు చూసి పట్టు ఏ వైపు ఎంత దూరంలో ఉందో చెప్పగలమనేవారు. కెన్యా పరిశోధకుడు హుస్సేన్ ఇసాక్, జర్మన్ శాస్త్రవేత్త రేయర్‌తో కలిసి కొలతలు తీసి చూస్తే కాపరుల మాటే నిజమైంది. ఒకే చోటు నుంచి బయలుదేరినప్పుడు పక్షి ప్రతిసారీ దాదాపు అదే పట్టు దిక్కుగా సాగింది, గమ్యం దగ్గరయ్యే కొద్దీ మజిలీలు చిన్నవయ్యాయి, కూర్చునే కొమ్మలు కిందికి దిగాయి. తెలియని ప్రాంతంలో పక్షి తోడు లేకుండా ఒక పట్టు వెతకడానికి సగటున 8.9 గంటలు పట్టగా, పక్షి వెంట నడిస్తే 3.2 గంటలు చాలాయని 1989లో వారు ప్రకటించారు. పండితులు కొట్టిపారేసిన పల్లె అనుభవం కొలబద్ద ముందు నిలిచిన సందర్భాల్లో దీనికి ప్రత్యేక గౌరవం దక్కాలి.

పక్షి మనిషితో మాట్లాడుతుందన్నది అలా తేలింది. మనిషి పక్షితో మాట్లాడతాడా అన్నది మిగిలిపోయింది. సుమారు 42,000 చదరపు కిలోమీటర్ల నియాసాలో, మియోంబో అనే చెట్ల అడవుల నడుమ నివసించే యావో వారు తేనెకు బయలుదేరినప్పుడు నాలుకను ఆడిస్తూ ‘బ్ర్‌ర్‌ర్’ అని, వెంటనే గొంతులోంచి ‘హ్మ్’ అని ఒక శబ్దం చేస్తారు. తండ్రుల దగ్గర నేర్చుకున్న ఈ శబ్దాన్ని వారు మరే పనికీ వాడరు. స్పాటిస్‌వుడ్ బృందం 2016లో వెల్లడించిన ప్రయోగంలో ఇద్దరు యావో వ్యక్తులతో కలిసి అడవిలో నడుస్తూ 15 నిమిషాల చొప్పున 72 విడతలు మూడు రకాల ధ్వనుల రికార్డింగులు వినిపించారు: ఈ పిలుపు, మామూలు మానవ శబ్దాలు, మరో జంతువు శబ్దం. నడిచే మనుషులు వారే, అడవి అదే, శబ్దం ఒక్కటే మారింది. ఇతర శబ్దాలకు పక్షి దారి చూపే అవకాశం సుమారు 33 శాతం ఉండగా, తేనె పిలుపుకు అది 66 శాతమైంది. పక్షి సాయంతో పట్టు దొరికే మొత్తం అవకాశం 16 శాతం నుంచి 54 శాతానికి పెరిగింది.

ఈ అంకెల్లోని అసలు విశేషం గమనించదగ్గది. పక్షికి కావలసింది మనిషి కాదు, గొడ్డలీ నిప్పూ తీరికా ఉన్న మనిషి. అడవిలో నడిచేవారిలో నీళ్లకు పోయేవారు ఉంటారు, పొరుగూరికి పోయేవారు ఉంటారు; ప్రతివారి వెంటా పడి కూస్తే పక్షి శ్రమ వృథా. తేనెకు బయలుదేరినప్పుడు మాత్రమే చేసే శబ్దం ఒకటి ఉంటే, ఆ శబ్దమే ‘ఇతడు పట్టు తెరిచేవాడు’ అన్న హామీగా పనిచేస్తుంది. ఆ పిలుపు పక్షిని ఆకర్షించే ఎర అన్నదానికంటే, పిలిచేవాడి ఉద్దేశాన్ని నమ్మకంగా తెలిపే గుర్తు అన్నది సరైన వివరణ. పిలుపుకు విలువ వచ్చేది అనవసరంగా వాడకపోవడం వల్లనే.

అయితే ఒక ఆక్షేపణకు చోటు ఉంది: యావో పిలుపు ఆ అడవిలో బాగా వినిపించే రకం శబ్దం కావచ్చు, పక్షి చెవికి సహజంగా ఇంపైనది కావచ్చు, అందులో నేర్చుకున్నదేమీ లేకపోవచ్చు. 2023 నాటి ప్రయోగం ఈ ఆక్షేపణను తుడిచిపెట్టిన పద్ధతి ఎంతో సొగసైనది. హద్జా వారు పక్షిని పిలవడానికి రాగయుక్తమైన ఈల వేస్తారు. ఆ ఈలను, యావో పిలుపును రెండు చోట్లా వినిపించారు. కిడేరో కొండల పక్షులు యావో పిలుపు కంటే హద్జా ఈలకు మూడు రెట్లకు పైగా స్పందించాయి. నియాసా పక్షులు హద్జా ఈల కంటే యావో పిలుపుకు దాదాపు రెండు రెట్లు స్పందించాయి. ఒక శబ్దంలో సహజమైన ఆకర్షణ ఏదైనా ఉంటే రెండు చోట్లా అదే గెలవాలి. ఫలితం తలకిందులైంది కనుక తేడా శబ్దంలో లేదు, విన్న పక్షి పెరిగిన ఊళ్లో ఉంది. తాతల నాటి పిలుపును ఎందుకు మార్చరని అడిగితే, మారిస్తే పక్షి రావడం తగ్గుతుందని తేనె తీసేవారు చెప్పారు. మనుషులు పాత పిలుపునే వాడుతున్నారు కనుక పక్షులు దానిని నేర్చుకుంటున్నాయి, పక్షులు దానికే వస్తున్నాయి కనుక మనుషులు దానిని వదలడం లేదు. ఈ చక్రం తిరుగుతున్నంత కాలం ఏ ప్రాంతపు పిలుపు ఆ ప్రాంతంలో స్థిరంగా ఉంటుంది.

మరి పక్షి ఎవరి దగ్గర నేర్చుకుంటుంది? తల్లిదండ్రుల దగ్గర అయ్యే వీలు లేదు, ఎందుకంటే హనీగైడ్ తన పిల్లను చూడదు. కోకిల లాగే ఇది పరాయి గూట్లో గుడ్డు పెడుతుంది, పెడుతూ గూటివారి గుడ్లకు చిల్లులు పొడుస్తుంది. జాంబియా దక్షిణాన చోమా పరిసరాల్లో ఆర్డ్‌వార్క్ అనే చెదలు తినే జంతువు తవ్విన బొరియల కప్పులో చిన్న పచ్చపిట్టలు గూళ్లు చేసుకుంటాయి. ఆ చీకటి గూళ్లలో పరారుణ కెమెరాలు ఉంచి చూసినప్పుడు, కళ్లు తెరవని హనీగైడ్ పిల్ల ముక్కు చివరన ఉన్న సూదుల్లాంటి రెండు కొక్కేలతో గూటివారి పిల్లలను కొరికి చంపడం నమోదైంది, పెంపుడు తల్లి ఆ చీకట్లో ఏమీ తెలియక మేత అందిస్తూనే ఉంది. ఇలా పచ్చపిట్టల పెంపకంలో ఎదిగిన పిల్లకు మైనం గురించి గాని మనిషి గురించి గాని చెప్పేవారు లేరు. అయినా పసుపు గొంతుతో ఇంకా ముదరని పక్షులు కూడా మనుషులకు దారి చూపుతాయి. మనిషి వైపు వచ్చి దారి చూపాలన్న ప్రేరణ పుట్టుకతో వచ్చిందనీ, ఏ శబ్దానికి పలకాలన్నది ఆ ప్రాంతంలో తిరుగుతూ అనుభవంతో పట్టుబడుతుందనీ ఈ రెండు ఆధారాలనూ కలిపి శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. వంశపారంపర్యమూ సంప్రదాయమూ ఒకే చిన్న తలలో ఇంత స్పష్టంగా వేరుపడి కనిపించే ఉదాహరణ మరొకటి చూపడం కష్టం.

ఇక స్పార్మన్ పొరపాటు. ఈ పక్షి తేనెకుక్క అనదగిన హనీ బ్యాడ్జర్‌కు కూడా దారి చూపుతుందని ఆయన తాను చూడకుండానే రాశాడు. ఆ మాట రెండు శతాబ్దాల పాటు పాఠ్యపుస్తకాల్లో, పిల్లల కథల్లో, సినిమాల్లో నిజంగా చెలామణి అయింది. దక్షిణాఫ్రికా శాస్త్రవేత్త డీన్, ఆయన సహచరులు 1990లో దీనిని నిలదీసి, నమ్మదగిన ఆధారం లేదన్నారు. ఆ జంతువు చాలావరకు రాత్రి తిరిగేది, పక్షి పగటిది. కలహారి ఎడారిలో కీత్, కాలీన్ బెగ్ దంపతులు ఈ జంతువులను ఏళ్ల తరబడి అనుసరించినప్పుడు వాటి వెంట కనిపించింది హనీగైడ్ కాదు. అవి తవ్వే బొరియల్లోంచి పారిపోయే ఎలుకలను పట్టుకునే ఒక జాతి డేగ. ఆ దంపతులే తర్వాత నియాసాకు వెళ్లి అక్కడి మనుషులూ పక్షుల బంధాన్ని స్పాటిస్‌వుడ్ దృష్టికి తెచ్చారు. 2023లో 9 ఆఫ్రికా దేశాల్లో దాదాపు 400 మంది తేనె తీసేవారిని అడిగినప్పుడు ఎక్కువమంది ఇలాంటిది చూడలేదన్నారు, టాంజానియాలో కొందరు, ముఖ్యంగా హద్జా వారిలో చాలామంది, చూశామన్నారు; కనుక కట్టుకథ అని పూర్తిగా కొట్టేయడం కూడా తొందరపాటే అవుతుంది.

ఈ బంధం వయసు తేల్చడం కష్టమైనా హద్దులు గీయవచ్చు. దక్షిణాఫ్రికాలోని వండర్‌వర్క్ గుహలో సుమారు 10 లక్షల ఏళ్ల నాటి నిప్పు ఆనవాళ్లు దొరికాయి. హనీగైడ్లలో నేల గూళ్లను ఎంచుకునే ఆడపక్షుల వంశమూ చెట్టు గూళ్లను ఎంచుకునే వంశమూ విడిపోయి సుమారు 30 లక్షల ఏళ్లు అయిందని జన్యు పరిశోధన చెబుతోంది. పక్షి మన జాతి కంటే పాతది కనుక, పొగ పెట్టడం తెలిసిన మన పూర్వీకులతోనే ఈ స్నేహం మొదలై ఉండవచ్చు.

ప్రయోజనం సంగతికి వస్తే, నియాసాలో తేనె ఇప్పటికీ ఆహారమూ ఆదాయమూ. హద్జా వారికి పక్షి తోడు ఉంటే పట్టులు దొరికే వేగం 560 శాతం పెరుగుతుందని 2014లో లెక్కతేలింది. ఇతరచోట్ల పరిస్థితి వేరు. దక్షిణాఫ్రికా, జింబాబ్వేల్లోని ఎన్నో ప్రాంతాల్లో చక్కెర చవకగా దొరకడం, పెట్టెల్లో తేనెటీగల పెంపకం రావడం, రక్షిత అడవుల్లో తేనె తీయడాన్ని నిషేధించడం వల్ల పిలిచేవారు లేకపోయారు. పక్షులు వాటంతటవి దొరికిన మైనంతో బతుకుతున్నాయి గాని దారి చూపడం అరుదైపోయింది. చెట్లు నరుకుతారని, నిప్పు వదిలేస్తారని తేనె తీసేవారి మీద అటవీ అధికారులు చేసే ఫిర్యాదులో కొంత నిజం లేకపోలేదు; అయితే పట్టు చూపే పక్షికి ఎవరూ వెంట రాని అడవిని వన్యప్రాణి సంరక్షణగా లెక్కవేయడం సరికాదు. ప్రకృతి సంరక్షణ అంతర్జాతీయ సంఘం జాబితాలో ఈ పక్షి ప్రమాదం లేని జాతుల వరుసలో ఉంది, ఎందుకంటే ఆ జాబితా పక్షులను లెక్కపెడుతుంది. అవి ఎవరితో కలిసి ఏ పని చేస్తున్నాయో రాసుకునే గడి అందులో లేదు.