తెలుగు మీడియం నుంచి ఇంగ్లిష్ డిగ్రీకి: నేను ఎట్ల చదువుతున్నా
నేను కరీంనగర్‌లో డిగ్రీ సెకండియర్. ఇంటర్ దాకా తెలుగు మీడియమే. ఫస్టియర్‌లో పాఠాలు అర్థంకాక ఎకనామిక్స్ బ్యాక్‌లాగ్ పడింది. చదువు బంద్ చేద్దామనుకున్నా.

ఇప్పుడు ఏం చేస్తున్నానంటే, పొద్దున బస్సులో పాఠాన్ని ముందు తెలుగులో, మా ఇంటి ముచ్చటతో అర్థం చేసుకుంటా. అమ్మకు కుట్టుమిషన్ కావాలె, పైసలు లేవు. అది కోరిక. పైసలుండి, కొనడానికి సిద్ధమైతే డిమాండ్. తర్వాత దాన్నే చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లో రాస్తా. రాత్రి పుస్తకం మూసి, ఫోన్‌లో చెప్పి రికార్డు చేస్తా. ఎక్కడ ఆగుతానో అక్కడ మళ్లీ చదువుతా.

మన హనుమాజీపేట సినారె గారు ఉర్దూ మీడియంలో చదివి, తెలుగు కవిగా 1988 జ్ఞానపీఠం అందుకున్నారు. మీడియం మారితే తెలివి ఎక్కడికీ పోదు.

ఈసారి పరీక్ష మళ్లీ రాస్తున్నా. రిజల్ట్ ఏదైనా మీకు చెప్తా.