రాత్రి చేసి పెడితే రేపటికి చల్లగా: వేసవి సెలవులకు మూడు తీపి వంటకాలు



పరీక్షలు అయిపోయాయి. ఇక ఇంటి నిండా పిల్లలే. మన పిల్లలకు తోడు సెలవులకు వచ్చే చుట్టాల పిల్లలు కూడా చేరతారు. మధ్యాహ్నం మూడింటికి అందరిదీ ఒకటే మాట: "చల్లగా ఏమైనా ఉందా?" ఆ ఎండలో పొయ్యి దగ్గర నిలబడే ఓపిక ఎవరికీ ఉండదు. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇళ్లలో ఆ వేళకు నానమ్మో, తాతయ్యో మాత్రమే ఉంటారు. చివరికి ఐస్‌క్రీమ్ ఆర్డర్ పెట్టడం తప్ప దారి కనిపించదు.

ముందు రోజు రాత్రి అరగంట కేటాయిస్తే ఈ ఇబ్బంది ఉండదు. అయితే ముందుగా చేసి పెట్టే వంటకంతో ఒక చిక్కు ఉంది. రాత్రి చేసిన పొరపాటు మర్నాటికి గానీ బయటపడదు. కస్టర్డ్ నీళ్లగా మారుతుంది, పండ్లు చేదెక్కుతాయి. కొన్నిసార్లు పాలు పాడైనా పైకి తెలియదు. అందుకే ఈ నెల మూడు సులువైన వంటకాలతో పాటు, అవి ఎందుకు కుదురుతాయో, ఎందుకు చెడతాయో కూడా తెలుసుకుందాం.

1. ఫ్రూట్ కస్టర్డ్ (ఆరుగురికి)

అర లీటరు పాలు, రెండు పెద్ద చెంచాల కస్టర్డ్ పౌడర్, మూడు పెద్ద చెంచాల చక్కెర తీసుకోండి. పౌడర్‌ను పావు కప్పు చల్లని పాలలో ఉండలు లేకుండా కలపండి. మిగతా పాలు మరిగాక చక్కెర వేసి, ఈ మిశ్రమాన్ని సన్నని ధారగా పోస్తూ తిప్పండి. చిక్కబడగానే దించేయకండి. సన్నని మంటపై ఇంకో రెండు నిమిషాలు ఉడికించండి. పిండి సరిగా ఉడక్కపోతే ఫ్రిజ్‌లో పలచబడుతుంది.

కస్టర్డ్ పౌడర్ అంటే ముఖ్యంగా మొక్కజొన్న పిండి, దానికి రంగు, వెనీలా వాసన. 1837లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అనే ఆయన గుడ్డు పడని తన భార్య కోసం దీన్ని తయారుచేశారు. గుడ్డు తినని మన ఇళ్లకూ అది అలాగే పనికొచ్చింది.

ఇక్కడ ఒక ముఖ్యమైన జాగ్రత్త. రుచి చూసిన చెంచాను మళ్లీ గిన్నెలో పెట్టకండి. మన లాలాజలంలో ఉండే అమైలేజ్ అనే ఎంజైమ్ పిండి పదార్థాన్ని విడగొడుతుంది. రాత్రి గట్టిగా ఉన్న కస్టర్డ్ పొద్దున్నకు నీళ్లలా మారిందంటే, తరచూ కారణం ఆ ఎంగిలి చెంచానే. "ఎంగిలి చేయకు" అని పెద్దవాళ్లు చెప్పే మాట ఇక్కడ కళ్లెదుటే రుజువవుతుంది.

పండ్లు వడ్డించే ముందే కలపండి. అరటి, యాపిల్ ముక్కలు ముందే వేస్తే నల్లబడతాయి. పచ్చి అనాస, బొప్పాయి, కివీ మాత్రం పాలతో చేసిన వాటిలో వేయకండి. వాటిలోని ఎంజైమ్‌లు పాలలోని ప్రొటీన్‌ను విడగొట్టి చేదు రప్పిస్తాయి. అనాస తప్పనిసరి అనుకుంటే ముక్కలను కొద్ది నిమిషాలు ఉడికించి, చల్లార్చి వేయండి.

2. చైనా గ్రాస్ పాల పుడ్డింగ్ (ఎనిమిది ముక్కలు)

పది గ్రాముల చైనా గ్రాస్‌ను చిన్నగా తుంచి, ఒక కప్పు నీళ్లలో పావుగంట నానబెట్టండి. అదే నీళ్లతో, పోగులు పూర్తిగా కరిగేదాకా సన్నని మంటపై మరిగించండి. మరో గిన్నెలో అర లీటరు పాలు, నాలుగు పెద్ద చెంచాల చక్కెర, యాలకుల పొడి వేసి కాచండి. రెండూ వేడిగా ఉన్నప్పుడే కలిపి, వడగట్టి, పళ్లెంలో పోయండి. పాలు చల్లగా ఉంటే చైనా గ్రాస్ అక్కడికక్కడే పోగులుగా గట్టిపడుతుంది.

చైనా గ్రాస్, అగర్ అగర్ రెండూ ఒకటే. సముద్రపు నాచు నుంచి తీస్తారు కాబట్టి పూర్తి శాకాహారం. జెలటిన్ జంతువుల చర్మం, ఎముకల నుంచి వస్తుంది. మన ఎండలకు ఇంకో తేడా కూడా ముఖ్యం. జెలటిన్‌తో చేసినది మే నెల వేడికి గిన్నెలోనే కరిగిపోతుంది. ఒకసారి గట్టిపడిన చైనా గ్రాస్ మళ్లీ కరగాలంటే దాదాపు 85 డిగ్రీల వేడి కావాలి. పుట్టినరోజు బల్లపై పెట్టినా ఆకారం చెడదు.

చిన్నపిల్లలకు ఇచ్చేటప్పుడు బాగా చిన్న ముక్కలుగా కోసి, కూర్చోబెట్టి, మీరు చూస్తుండగా తినిపించండి. జారే ముక్క గొంతుకు అడ్డుపడే ప్రమాదం ఉంది.

3. మామిడి శ్రీఖండ్ (ఆరుగురికి, పొయ్యి అక్కర్లేదు)

గుజరాత్, మహారాష్ట్ర ఇళ్లలో దీన్ని ఆమ్రఖండ్ అంటారు. మన బంగినపల్లితో చక్కగా కుదురుతుంది. కిలో తియ్యటి పెరుగును పలుచని శుభ్రమైన గుడ్డలో మూటకట్టి, జల్లెడలో ఉంచి, కింద గిన్నె పెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో వదిలేయండి. బయట వేలాడదీస్తే ఈ వేడికి పులుస్తుంది. పొద్దున్న గుడ్డలో మిగిలిన గట్టి పెరుగులో ఒక కప్పు మామిడి గుజ్జు, నాలుగైదు పెద్ద చెంచాల చక్కెర పొడి వేసి గిలకొట్టండి. కారిన నీటిని చపాతీ పిండి కలపడానికి వాడుకోవచ్చు.

ఫ్రిజ్‌లో పెట్టే ముందు

చాలా ఇళ్లలో జరిగే పొరపాటు ఇదే: "వేడిగా పెడితే ఫ్రిజ్ పాడవుతుంది" అని రాత్రంతా బయట వదిలేసి, పొద్దున్న లోపల పెట్టడం. 5 నుంచి 60 డిగ్రీల మధ్య బ్యాక్టీరియా వేగంగా పెరుగుతుంది. పాలతో చేసినవి రెండు గంటలకు మించి బయట ఉండకూడదు. గది వేడి 32 డిగ్రీలు దాటితే గంట మాత్రమే. కస్టర్డ్ గిన్నెను చల్లని నీళ్ల టబ్బులో ఉంచి పావుగంట తిప్పితే త్వరగా చల్లారుతుంది, మీగడ కట్టదు. తర్వాత వెడల్పాటి గిన్నెలో పోసి, మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి.

కరెంటు పోతే తలుపు తీయకండి. మూసి ఉన్న ఫ్రిజ్ సుమారు నాలుగు గంటలు చల్లదనం నిలుపుతుంది. అంతకు మించితే పాల వంటకాలు పారేయడమే మంచిది. వాసన మామూలుగానే ఉన్నా, మళ్లీ మరిగించినా, కొన్ని బ్యాక్టీరియా వదిలిన విషాలు పోవు. ఇంట్లో ఉండే పెద్దవాళ్లకు ఈ విషయం ముందే చెప్పి ఉంచండి. ఏదైనా రెండు రోజుల్లో ముగించేయండి.

చక్కెర సంగతి

చల్లని పదార్థంలో తీపి తక్కువగా తెలుస్తుంది. అందుకే చాలామంది ఎక్కువ వేస్తారు. చేసిన రోజే ఒక చెంచాడు సాసర్‌లో పోసి, చల్లబరచి రుచి చూసి, అవసరమైతేనే చక్కెర పెంచండి. పిల్లలు రోజంతా తీసుకునే శక్తిలో విడిగా కలిపే చక్కెర వంటి తీపి పదార్థాల వాటా 10 శాతం లోపు ఉండాలని, 5 శాతం లోపైతే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోజుకు 1,500 కేలరీలు తినే పిల్లలకు 10 శాతం అంటే సుమారు 37 గ్రాములు. పై కొలతలతో చేసిన కస్టర్డ్‌లో ఒకరి వాటాకు వచ్చే చక్కెర ఆరేడు గ్రాములే. బయట కొన్నప్పుడు ఎంత వేశారో మనకు తెలియదు, ఇంట్లో అయితే కొలత మన చేతిలో ఉంటుంది.

పిల్లలకు ఒక చిన్న పని

మిగిలిన కస్టర్డ్‌ను రెండు చిన్న గిన్నెల్లో పోయించండి. ఒకదాన్ని శుభ్రమైన చెంచాతో, మరొకదాన్ని నోట్లో పెట్టి తీసిన చెంచాతో బాగా కలపమనండి. అరగంట తర్వాత రెండింటినీ పోల్చి, ఏది పలచబడిందో నోట్‌బుక్‌లో రాయమనండి. జీర్ణక్రియ పాఠంలో లాలాజలం గురించి చదివిన పిల్లలు కారణం వాళ్లే చెబుతారు. పరీక్ష అయ్యాక ఆ రెండో గిన్నెను మాత్రం పారేయండి!